కెమెరాలున్న ఇంట్లో హత్య: ఒక మర్డర్ మిస్టరీ రాసిన అనుభవం

పోయిన నెలాఖరున నా నవల చివరి ప్రూఫులు (అచ్చుకి ముందు తప్పులు దిద్దే కాగితాలు) పంపేశాను. రియాలిటీ షో మీద మర్డర్ మిస్టరీ రాస్తున్నానని తెలిసినవాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు: ఎంత కాలం పట్టింది, ఎంత ఖర్చయింది. మొదటి పేజీ నుంచి ప్రూఫుల దాకా రెండేళ్ళకి కాస్త తక్కువ. అందులో నిజంగా కూచుని రాసింది అయిదారు నెలలుంటుందేమో. మిగతాదంతా ఎవరో ఒకరి జవాబు కోసం ఎదురుచూడ్డమే. ఖర్చు సంగతి వరసలో చెప్తాను. ఇలాంటిది రాయాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

జనవరిలో మొదలుపెట్టినప్పుడు నా దగ్గరున్నది ఒక్క ఊహ. బయటి ప్రపంచంతో సంబంధం లేని ఇల్లు, పన్నెండు మంది మనుషులు, అడుగడుక్కీ కెమెరా. అందులో ఒకరు చనిపోతారు. పాతకాలపు డిటెక్టివ్ కథల్లో మంచుకి దారి మూసుకుపోయిన బంగళా ఉంటుందే, ఈ రోజుల్లో దానికి సరిజోడు ఇదేననిపించింది. రెండు వారాలు తిరిగేసరికి అసలు చిక్కు బోధపడింది. బంగళాలో ఎవరూ చూడలేదు కాబట్టి మిస్టరీ. ఇక్కడ అందరూ చూస్తూనే ఉన్నారు. రోజంతా రికార్డవుతున్న చోట హత్య జరిగితే డిటెక్టివ్ చేసేదేముంది? వెనక్కి తిప్పి చూస్తాడు, కథ కంచికి, మనం ఇంటికి.

కెమెరా లేని చోటు వెతుక్కుంటే బాత్రూం ఒక్కటే తేలింది. ఈ రకం కథ రాసే ప్రతివాడికీ మొదట తట్టేది అదే. చదివేవాడికీ అదే తడుతుంది. అంటే హత్య జరగకముందే హత్యాస్థలం తెలిసిపోతుంది. అక్కడ ఆగిపోయాను.

ఫిబ్రవరి చివర్లో, తెలిసినవాళ్ళ ద్వారా, ఇలాంటి షోలకి ఎడిటింగ్ చేసిన ఒకాయన దొరికారు. పేరు వాడనని మాటిచ్చాక కలవడానికి ఒప్పుకున్నారు. నా చిక్కు చెప్తే నవ్వి, "ఫుటేజీ ఉండటం వేరండీ, దాన్ని ఎవరైనా చూసి ఉండటం వేరు" అన్నారు. అక్కడే కాగితం మీద లెక్కేశాం. నా నవల ఇంట్లో 40 కెమెరాలనుకుంటే రోజుకి 960 గంటల ఫుటేజీ. టీవీలో వచ్చేది గంట, అందులోనూ ప్రకటనలు పోగా మిగిలింది. ఆ 960 గంటల్నీ ఏ మనిషీ పూర్తిగా చూడడు. షిఫ్టుల్లో కూచున్న కుర్రాళ్ళు ఎక్కడ గొడవైంది, ఎక్కడ ఏడుపైంది అని టైముతో సహా ఒక్కో లైను రాసి పెడతారు. దాన్ని లాగ్ అంటారు. ఎడిటర్ ముందు లాగ్ చూస్తాడు, దాన్ని బట్టి ఫుటేజీ తెరుస్తాడు. లాగ్‌లో లేని సంఘటన జరగనట్టే లెక్క.

నమూనాకి ఎలా ఉంటుందో చెప్పమంటే ఆయన అప్పటికప్పుడు ఒక లైను రాసిచ్చారు: "రాత్రి 2:14, వంటగది, ఇద్దరు గుసగుస, మైకు రాపిడి, పనికిరాదు." ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. చివరి మాట చూడగానే నాకు నవల దొరికింది. హత్యకి ఆధారం కెమెరా చూడని చోట ఉండక్కర్లేదు. కెమెరా చూసి, మనిషి "పనికిరాదు" అని రాసి పక్కన పడేసిన చోట ఉండొచ్చు.

ఆయన ఇంకోటి చూపించారు. నన్ను ఫోన్లోకి కాసేపు ఏదో ఒకటి మాట్లాడమన్నారు. ఏం మాట్లాడాలో తోచక మా ఆఫీసు గురించి మొదలెట్టాను. మధ్యలో ఎక్కడో, "మా సెక్షన్లో ఒకతనున్నాడు, వాణ్ణి చంపాలన్నంత కోపం ఎప్పుడూ రాలేదు గానీ, చిరాకు మాత్రం వస్తుంది" అన్నాను. ఆయన దాన్ని లాప్‌టాప్‌లో వేసుకుని, పది నిమిషాల లోపే తిరిగి వినిపించారు. నా గొంతే. "మా సెక్షన్లో ఒకతనున్నాడు, వాణ్ణి చంపాలన్నంత కోపం వస్తుంది." కోత ఎక్కడుందో నాకే తెలియలేదు. వాక్యం చివర స్వరం దిగాలట, దిగకపోతే వినేవాడికి ఏదో తేడా కొడుతుంది. ఇక్కడ "వస్తుంది" దగ్గర నా స్వరం సహజంగానే దిగింది కాబట్టి ఆయన పని తేలికైంది. పెదాల కదలిక కలవదు కదా అంటే, "అప్పుడు ఎదుటివాడి మొహం వేస్తాం" అన్నారు. వాళ్ళ పరిభాషలో దీన్ని ఫ్రాంకెన్‌బైట్ అంటారు. ముక్కలు ముక్కలుగా కుట్టిన మాట.

ఆ క్లిప్పు నాకు పంపమని అడిగి తెచ్చుకున్నాను. ఆ రాత్రి ఎన్నిసార్లు విన్నానో. ఆ మనిషిని మర్నాడు ఆఫీసులో చూసినప్పుడు ఏదో అపరాధం చేసినట్టు మొహం తిప్పుకున్నాను. అనని మాటకి అంత సిగ్గుపడితే, అది కోట్లమంది చూసిన మనిషి సంగతేంటి?

షో నుంచి బయటికొచ్చిన అలాంటి మనిషి కోసం వెతకడం మార్చిలో మొదలైంది. షోలో పాల్గొన్నవాళ్ళు నాలాంటివాళ్ళతో ఊరికే మాట్లాడరు. ఒప్పందంలో గోప్యత షరతు ఉంటుంది, షో అయిపోయాక కూడా అది నడుస్తూనే ఉంటుంది. ఒకరు ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఏ షో, ఏ సీజన్, ఆడో మగో కూడా రాయకూడదన్నది షరతు. అందుకే ఇక్కడ తను అనే అంటున్నాను. రికార్డు చెయ్యొద్దన్నారు, నోట్సు రాసుకోవచ్చన్నారు. మీరెవరైనా ఇలాంటి సంభాషణకి కూచుంటే ముందే ఒక కాగితం మీద ఏమేం వాడుకుంటారో రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. మేం అలాగే చేశాం, ఏడాది తరవాత అది నాకు చాలా అక్కరకొచ్చింది.

తను చెప్పినవాటిలో నేను ముందుగా ఊహించగలిగింది దాదాపు లేదు. లోపలికి వెళ్ళగానే ఫోను తీసుకుంటారని తెలుసు, చేతి గడియారం కూడా తీసుకుంటారని తెలియదు. ఇంట్లో ఎక్కడా గడియారముండదు. మైకు బ్యాటరీలు మార్చుకోమని పిలుపు వచ్చినప్పుడల్లా ఇన్ని గంటలై ఉంటుందిలే అని లెక్క కట్టుకునేవారట. ఆ పిలుపు ఆలస్యమైన రోజు మొత్తం ఇంటికే పొద్దు తెలియక, ఒకరి మీద ఒకరు అరుచుకున్నారట. నేనది రాసుకుంటూ, సాక్షులందరూ "అప్పుడు అర్ధరాత్రి" అని నమ్మకంగా చెప్పి, అందరూ ఒకేలా పొరబడే అధ్యాయం ఒకటి లోపల కట్టుకుంటున్నాను. ఎదుటి మనిషి కష్టం చెప్తుంటే ప్లాట్ అల్లుకోవడం ఏం బుద్ధో అనిపించింది. ఆపలేదు మరి.

బయటికొచ్చాక ఫోను చేతికిచ్చారు. ఆన్ చేస్తే మోగడం మొదలై ఆగలేదట. చేతిలో వేడెక్కిపోతుంటే బల్ల మీద బోర్లా పెట్టి, గదిలో ఇంకో మూలకి వెళ్ళి కూచున్నారట. తరవాత కొన్ని నెలలు సెల్ఫీలు, రిబ్బన్ కటింగులు. వచ్చే సీజన్ ప్రోమో పడిన వారం నుంచి ఫోన్లు తగ్గాయి. ఇదంతా తను మామూలుగానే చెప్పారు. గొంతు మారింది ఒక్క చోట. షోలో తనకి అంటించిన వెక్కిరింపు పేరు పెట్టి, రోడ్డు మీద జనం నవ్వుతూ పిలుస్తారట. "ప్రేమగానే పిలుస్తారండీ. అదే బాధ. కొట్టనూ లేను, తిట్టనూ లేను."

ఏప్రిల్, మే నెలల్లో ఇంటర్వ్యూల మధ్య ఖాళీల్లో నిజంగా జరిగినవి చదువుతూ కూచున్నాను. ఇది ముందే హెచ్చరించాల్సిన సంగతి, ఈ చదువు మనసుని బాగా పిండేస్తుంది. 1997లో స్వీడన్‌లో, ఈ తరహా షోలకి మొదటి మెట్టు అనదగ్గ ఒక దీవి షోలో అందరికంటే ముందు ఎలిమినేట్ అయినతను ప్రసారం మొదలవకుండానే ప్రాణం తీసుకున్నాడు. తను చేసిన మంచి అంతా కత్తిరించి వెర్రివాడిలా చూపిస్తారని భయపడ్డాడని భార్య తరవాత చెప్పింది. ఇంకా ఒక్క ఎపిసోడూ పడలేదు, ఎడిటింగ్ అంటే భయం మాత్రం అప్పటికే పుట్టింది. 2020 మే నెలలో జపాన్‌లో కిమురా హనా అనే కుస్తీ క్రీడాకారిణి, 22 ఏళ్ళ పిల్ల, షోలో ఒక గొడవ ప్రసారమయ్యాక మీద పడిన తిట్ల వరద తట్టుకోలేక ప్రాణం తీసుకుంది. తిట్లు పంపిన ఒకతనికి కోర్టు వేసిన జరిమానా 9 వేల యెన్లు. 2022లో అక్కడి పార్లమెంటు చట్టం మార్చి, అవమానించిన నేరానికి ఏడాది దాకా జైలు పెట్టింది.

హత్యలూ ఉన్నాయి. 1995 మార్చిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఒక టాక్ షోలో తన మీద ఇష్టాన్ని బయటపెట్టిన మనిషిని, షూటింగైన మూడో రోజున రెండోవాడు కాల్చి చంపాడు. చంపినవాడికి శిక్ష పడింది. షో వాళ్ళ బాధ్యత కూడా ఉందని 1999లో జ్యూరీ దాదాపు రెండున్నర కోట్ల డాలర్లు కట్టమంది. 2002లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. 2009లో ఇంకో షో కంటెస్టెంటు మీద భార్యని చంపిన ఆరోపణ వచ్చి, మూడు ఎపిసోడ్లయ్యాక షో ఆపేశారు. అదే ఏడాది బ్రెజిల్‌లో వాలస్ సోజా అనే టీవీ హోస్టు మీద, నేరాల కార్యక్రమానికి రేటింగు కోసం హత్యలు చేయించాడని అభియోగం. ఆయన కాదన్నాడు, తేలకముందే 2010లో చనిపోయాడు. ఈ చివరిది నేను నవలలో రాస్తే ఏ ఎడిటరైనా "మరీ అతిగా ఉంది" అని కొట్టేస్తాడు.

వీటన్నిట్లో ఒక్కటి కూడా ఇంటి లోపల జరగలేదు. చావు ఎప్పుడూ బయటికొచ్చాకే. కెమెరాలు ఆరిపోయాక, లేదా ప్రసారానికి ముందు, ఆ మధ్య సందులో. మేలో కూచుని నా ప్లాట్ మొత్తం తిరగేశాను. హత్యని ఇంట్లోంచి తీసేసి, ఫైనల్ అయిన మూడు వారాలకి, కంటెస్టెంట్లందరూ మళ్ళీ కలిసే రీయూనియన్ షూటింగ్ ముందు రాత్రికి మార్చాను. చనిపోయింది విజేత కాదు, రెండో స్థానంలో వచ్చినతను. గెలిచినవాడికి శత్రువులుంటారు. ఓడి, జనం జాలి మూటగట్టుకున్నవాడికి ఎందుకుంటారన్నది వెతకాల్సి వస్తుంది.

అలిబీ, అంటే హత్య వేళకి ఇంకోచోట ఉన్నాననే రుజువు, మాత్రం టేపు మీదే ఆధారపడాలి. ఆ రాత్రంతా ఒక గదిలో ఒక్కొక్కరి ఇంటర్వ్యూ రికార్డవుతూ ఉంటుంది, హంతకుడి మొహం, గొంతు, తెర మూల టైముతో సహా అందులో ఉంటాయి. ఇది అబద్ధమని డిటెక్టివ్ ఎలా పట్టుకోవాలి? దీనికి దారి చూపింది ఒక సౌండ్ ఇంజనీరు. కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి యాభై ఊపులు అనుకుంటాం (కొన్ని దేశాల్లో 60). నిజానికి అది క్షణక్షణానికీ కొద్ది కొద్దిగా హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది, ఒక గ్రిడ్ (కరెంటు సరఫరా చేసే తీగల వల) మీదున్న ఊళ్ళన్నిట్లోనూ ఒకేలా ఊగుతుంది. కరెంటుతో నడిచే పరికరం మీద చేసిన రికార్డింగులో ఆ సన్నటి గుయ్యిమనే చప్పుడు చాలాసార్లు అడుగున పడి ఉంటుంది. గ్రిడ్ రికార్డులతో దాన్ని పోల్చి ఆ రికార్డింగు ఎప్పటిదో చెప్పొచ్చు, మధ్యలో కోసి అతికిస్తే ఆ ఊపు ఎక్కడ తెగిందో చూడొచ్చు. లండన్ పోలీసులు దీన్ని నిజం కేసుల్లోనే వాడారు. తెర మీది టైము ఎవడైనా మార్చగలడు. గ్రిడ్ ఊపుని మార్చడం ఎవడి తరమూ కాదు.

కిటుకు చెప్పేశానని కంగారుపడకండి, నవలలో ఇది సగానికే బయటపడుతుంది. టేపు కోసింది ఎవరో కూడా తెలిసిపోతుంది. కొయ్యమన్నది ఎవరన్నది చివరిదాకా లాగాను.

జూన్ నుంచి రాయడం. పొద్దున్నే ఆఫీసుకి ముందు గంటన్నర, ఆదివారాలు కాస్త ఎక్కువ. గోడ మీద హత్య రాత్రిని పదిహేను నిమిషాల గళ్ళుగా గీసి, ఎవరెక్కడున్నారో చీటీలు అంటించాను. జులైలో ఆ గోడనంతా పీకేయాల్సొచ్చింది. ఒక ఫోరెన్సిక్ డాక్టరు గారు నా పోస్ట్‌మార్టం అధ్యాయం చదివి, "రాత్రి పదకొండూ ఇరవైకి చనిపోయాడని రాశారు. ఆయన చనిపోతూ గడియారం చూసుకుని చెప్పాడా?" అనడిగారు. శవం బిగుసుకోవడం కనురెప్పలు, దవడ దగ్గర ఒకటి రెండు గంటల్లో మొదలై, ఒళ్ళంతా పాకడానికి పన్నెండు గంటలు, అలా ఉండటానికి పన్నెండు, వదలడానికి పన్నెండు అని విద్యార్థులకి చెప్తారట. అది గుర్తుపెట్టుకోవడానికి మాత్రమేనట. గది వేడి, ఒంటి బరువు, చివర్లో పెనుగులాడాడా లేదా, అన్నిటికీ మారుతుంది. ఏసీ గదిలో శవానికి ఆవిడ ఇచ్చింది నాలుగు గంటల మేర. అంతకన్నా తగ్గించనన్నారు. నేనల్లుకున్న ఇరవై నిమిషాల అలిబీ ఆ దెబ్బతో ఎగిరిపోయింది. అందుకే ఇంటర్వ్యూల రికార్డింగు రాత్రంతా సాగింది, మొదట్లో అది ఒక గంట వ్యవహారమే. ఆవిడ ఫీజు తీసుకోలేదు. పోస్ట్‌మార్టం బల్ల పక్కన డాక్టర్లచేత జోకులు వేయించొద్దని మాత్రం మాట తీసుకున్నారు.

ఆగస్టులో ఎదురైన ఇబ్బంది వీటన్నిటికన్నా లోతైనది, దానికి ఏ నిపుణుడూ సాయం చెయ్యలేడు. డిటెక్టివ్ నవలకి హంతకుడు ఒక్కడే కావాలి. చివర్లో వేలు పెట్టి చూపించాలి, పాఠకుడు హమ్మయ్య అనుకోవాలి. నేను చదివిన నిజం కథల్లో వేలు ఎటు చూపించాలి? జపాన్ అమ్మాయి విషయంలో తిట్టినవాళ్ళు ఎందరో. ఆ గొడవని ఎంచుకున్న ప్రొడ్యూసరున్నాడు, కత్తిరించిన ఎడిటరున్నాడు, ఇంట్లో కూచుని చూసినవాళ్ళున్నారు. మిషిగన్ కేసులో తుపాకీ పేల్చినవాడు దొరికాడు సరే, జ్యూరీ ఒకటన్నది, పై కోర్టు ఇంకోటన్నది. ఒక్కడి మీదకి నెట్టేస్తే నవల నిలుస్తుంది, నేను తెలుసుకున్నది అబద్ధమవుతుంది. అందరి మీదా పంచితే నిజం నిలుస్తుంది, నవల కూలుతుంది. అక్కడ మూడు వారాలకి పైగా ఒక్క పేజీ కదల్లేదు.

అదే సమయంలో పాత సీజన్లు రోజూ రాత్రి వేసుకుని చూసేవాణ్ణి. పరిశోధన అని పేరు. ఒకరోజు ఒక కంటెస్టెంటుని చూసి నోరారా తిట్టుకుంటున్నాను, అలా తిట్టుకునేలా ఆ సీను ఎలా కుట్టారో తెలిసి కూడా. బ్యాటరీల గురించి, కోతల గురించి, లాగ్ గురించి అన్నీ తెలుసు. అయినా కోపం నిజంగానే వచ్చింది. ఫోను తీసి, ఆ మనిషి పాత పోస్టు కింద కామెంట్లు చూశాను. నా మనసులో మాటే అక్కడ వందలమంది రాసి పెట్టారు.

దాంతో ఒక దారి తోచింది. హంతకుడు ఒక్కడే, చట్టానికి దొరికేదీ ఒక్కడే. కానీ డిటెక్టివ్ ప్రశ్నించే ప్రతి ఒక్కరూ, లాగ్ రాసే కుర్రాడి నుంచి మీమ్స్ పేజీ నడిపే పిల్ల దాకా, ఎక్కడో ఒకచోట దాదాపు ఒకే మాట అంటారు: "నా పని నేను చేశానంతే." నేనెక్కడా దాన్ని ఎత్తి చూపించలేదు. హంతకుడు కూడా అదే మాటంటాడు, పట్టుబడ్డాక. అతను అబద్ధం చెప్పట్లేదు కూడా. ఇది సరైన పరిష్కారమో కాదో ఇప్పటికీ చెప్పలేను, అంతకన్నా మంచిది తట్టలేదు.

అక్టోబరు చివరికి మొదటి డ్రాఫ్ట్. నవంబరులో మిస్టరీలు తెగ చదివే నలుగురికి ఇచ్చాను. వాళ్ళకి కాగితాల మీద ప్రింటు తీసివ్వండి. ఫోన్లో చదివినవాళ్ళు ఎక్కడ విసుగొచ్చిందో చెప్పరు, కాగితమైతే మార్జిన్లో గీతలు వాటంతటవే చెప్తాయి. నేర్చుకున్న వింత ఏమిటంటే, లాగ్ పేజీలని అందరూ దాటేశారు. కిటుకులో సగం అందులో ఉంది. చాలా తెలివిగా దాచాననుకున్నది దాచినట్టు కాదు, అసలు లేనట్టే అయింది. ఆధారాలన్నీ పాఠకుడి కళ్ళముందు పెట్టాలని 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు డిటెక్టివ్ రచయిత రాసిన నియమాల్లో ఉంది. చూడకుండా పేజీ తిప్పేస్తే ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు. చివరికి లాగ్‌ని ముక్కలు చేసి మాటల్లో కలిపాను. గుయ్యిమనే చప్పుడు సంగతి కూడా మూడో అధ్యాయంలోనే సౌండ్ రికార్డిస్టు విసుక్కుంటూ అంటాడు, "ఈ గదిలో హమ్ పోదు సార్, ఏం చేసినా పోదు" అని. ఎవరూ పట్టించుకోలేదు. అలా ఉండాలి ఆధారం అంటే.

ఇక డబ్బు. పెద్ద ఖర్చు ఒక్కటే, ప్లాట్ చూసే ఎడిటరుకి ఇచ్చిన ఫీజు. నా నెల జీతంలో సగం దాటింది. ఇచ్చేటప్పుడు ప్రాణం గిలగిల్లాడింది గానీ, ఆవిడ పంపిన నోట్సులో మొదటి పేజీకే గిట్టుబాటైంది: "మూడొంతులు అయ్యేదాకా చనిపోయినవాడంటే నాకు ఇష్టం కలగలేదు. ఎవరు చంపితే నాకేం?" అంతవరకూ అతను ప్లాటుకి అవసరమైన శవం, అంతే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అతనికి ప్రాణం పోయడంతోనే సరిపోయింది. షో నుంచి వచ్చాక కొడుకు మీద కామెంట్లన్నీ కూర్చుని చదివే తల్లి అప్పుడే పుట్టింది.

మేలో పబ్లిషర్లకి పంపాను. ఒకరి నుంచి వారంలోనే వద్దని వచ్చింది, అంత తొందరగా చదివారా అని అనుమానం. ఇంకొకరు మూడు నెలలు ఉలుకూ పలుకూ లేదు. వాళ్ళే ఆగస్టు చివర్లో ఫోన్ చేసి ఒప్పుకున్నారు. అడ్వాన్సు ఎడిటరుకిచ్చిన దానికి సరిపోయింది. పైన ఓ రెండు కట్టల కాగితాలకి కూడా వచ్చిందేమో.

సెప్టెంబరులో పబ్లిషర్ తరఫు లాయరు చదివారు. నేను దీన్ని లాంఛనం అనుకున్నా. ఆయన రెండున్నర పేజీల జాబితా పంపారు. హత్య గురించి ఒక్క అభ్యంతరం లేదు. సోఫా రంగు, ఇంటి గుర్తు, వారాంతంలో వచ్చే హోస్టు, అతని ఊతపదం, ఇవే ఆయన బాధ. ఏ నిజమైన షోనైనా గుర్తుకు తెచ్చేది ఏదీ ఉండకూడదు. దాంతో ఇల్లు మూతపడిన హోటలైంది, సినిమా తారగా రాసుకున్న హోస్టు రిటైరైన క్రీడా వ్యాఖ్యాత అయ్యాడు. ఆటంతా గదుల తాళాల చుట్టూ కొత్తగా అల్లాను. చిత్రంగా నవల బాగుపడింది. హోటల్లో ప్రతి గదికీ సొంత తలుపుంటుంది, ఎవరు ఎవరి తలుపు కొట్టారన్నది అదో ముడి.

తరవాత ఆయన, లోపలి వివరాలు ఇచ్చిందెవరని అడిగారు. ముందే సంతకం చేసుకున్న కాగితం అప్పుడు తీశాను. పేరు చెప్పక్కర్లేకుండా, ఏమేం వాడుకోవచ్చో ఉంది కాబట్టి అక్కడితో ఆగింది. షోలో పాల్గొని నాతో మాట్లాడిన తనకీ ఆ అధ్యాయాలు పంపాను. పది రోజులకి జవాబొచ్చింది. తన గురించి ఏం మార్చమనలేదు. ఆ తల్లి రాత్రిళ్ళు కామెంట్లు చదివే చోట, ఆమె తిరిగి జవాబులు రాస్తున్నట్టు ఉంది, దాన్ని తీసేయమన్నారు. "అమ్మలు జవాబు రాయరు. ఎవరెవరు రాశారో పేర్లు గుర్తుపెట్టుకుంటారు." ఆ లైను ఉన్నదున్నట్టు వాడుకోవచ్చా అని అడిగి, ఒప్పుకున్నాక పెట్టాను.

ప్రూఫుల దశలో పబ్లిషర్ ముందుగా ముగ్గురికి చదవడానికిచ్చారు. ఇద్దరు తప్పు మనిషిని పట్టుకున్నారు, మంచిదే. మూడో ఆవిడ వృత్తిరీత్యా ఆడిటర్. సగం పుస్తకంలోనే హంతకుణ్ణి చెప్పేసింది. హమ్ వల్ల కాదు, గడియారం వల్ల కాదు, కోసిన మాట వల్లా కాదు. ఆ రాత్రి టాక్సీ బిల్లు ఒకటి ప్రొడక్షన్ ఖర్చుల్లో రాసి ఉందని నాలుగో అధ్యాయంలో వాతావరణం కోసం ఊరికే ఒక లైను రాశాను, అందరూ హోటల్లోనే బస చేస్తున్నప్పుడు టాక్సీ ఎవరికని ఆవిడకి తోచిందట. నేను పెట్టని ఆధారం, పూర్తిగా సరైన దారి. తీసేద్దామా అని పబ్లిషర్ అడిగారు. ఉంచమన్నాను. పైగా పదకొండో అధ్యాయంలో డిటెక్టివ్ చేత ఆ బిల్లు అడిగించే లైను ఒకటి కొత్తగా చేర్చి పంపాను.